నీడలో నలుపు లేదు

మొదటిరోజే నా పెట్టెలోంచి
నల్లరంగు గొట్టం తీసి జేబులో వేసుకుంది గోదెలీవ.
"బొమ్మ అయ్యాక అడుగు, ఇస్తాను."
ఈ తీరం వెంట ముప్ఫయ్యేళ్లు ట్రామ్ నడిపిన మనిషి,
మాట్లాడినా బ్రేకు వేసినట్టే ఉంటుంది.

నేను రొట్టెలవాణ్ణి.
సముద్రానికి రెండు వీధుల ఇవతల
నలభై ఒక్కేళ్లు రాత్రి రెండింటికి లేచాను.
ఊరంతా నా రొట్టెతో తెల్లవారేది,
నాకే తెల్లవారేది కాదు.
ఇక్కడే పుట్టి, పొద్దుటి సముద్రం మొహం
ఎలా ఉంటుందో ఎరగను.
ఆ వేళకి తెరలు దించుకుని పడుకునేవాణ్ణి.

"కళ్లు సగం మూసి చూడు మౌరిట్స్."
అది కొత్త కాదు నాకు,
పొయ్యి నోటి ముందు ఇన్నేళ్లూ అలాగే చూశాను.
సగం మూస్తే మనుషులు పోతారు, మరకలు మిగులుతాయి.
ఒక వెచ్చని ముద్ద, పక్కన ఒక చల్లని ముద్ద.
"అది గొడుగని ఎవరు చెప్పారు నీకు?
రంగు చూసి వెయ్యి, పేరు చూసి కాదు."

సముద్రం కదా అని నీలం పిండాను.
"ఉత్తర సముద్రం నీలంగా ఉన్న రోజున
నాకో ఉత్తరం రాయి," అంది.
చూస్తే నిజమే,
రొయ్యలు కడిగిన నీళ్ల రంగు.
అల విరిగే చోట మాత్రం
పచ్చిద్రాక్ష తొక్కలా ఒక గీత, రెప్పపాటు.
దానికోసం నాలుగు రంగులు కలిపాను.
కలిపేలోగా మబ్బు పట్టింది.

ఎక్కువ కలిపితే బురద.
పిండైనా అంతే, ఎక్కువ పిసికితే చస్తుంది.
కత్తి అంచున మందంగా తీసి
వెన్న రాసినట్టు ఒక్కసారి రాసి వదిలెయ్యాలి.
ఆ వదిలెయ్యడమే రాదు.
చెయ్యి మళ్లీ వెళ్తుంది, సర్దుతుంది, నున్నగా దువ్వుతుంది,
ఎవరో కొనడానికి వచ్చినట్టు.

నాలుగో వారం గాలి కాన్వాసుని ఎగరేసింది.
వెన్న రాసిన వైపే నేలకి తగులుతుంది ఏ రొట్టెముక్కైనా.
అలాగే తగిలింది.
గోకబోతే చెయ్యి పట్టుకుంది:
"పొద్దుణ్ణుంచీ ఇసుక రంగు కుదరలేదని ఏడ్చావు.
ఇసుకే వచ్చి కూర్చుంటే గోకేస్తావా?"

గొడవ జరిగింది నీడ దగ్గర.
గుర్రాల మీద రొయ్యలవల లాగేవాళ్లు ఒడ్డుకొచ్చారు.
పసుపు కోట్లు, పొట్టదాకా తడిసిన గుర్రాలు,
తడి ఇసుకలో తలకిందులుగా ఇంకో నాలుగు గుర్రాలు.
"వాటి కింద ఉన్నది నలుపే. నా గొట్టం నాకియ్యి."
"నీడలో నలుపు లేదు."
"నాకా చెప్తావు? సగం బతుకు చీకట్లో బతికినవాణ్ణి!"
"ఏ రంగులో ఉండేది నీ చీకటి?"
టికెట్ అడిగినంత మామూలుగా అడిగింది.

జవాబు చెబుదామని నోరు తెరిచాను.

రెండింటి వీధి. దీపం కింద మంచు, చామంతి రంగు.
పొయ్యి తలుపు తీస్తే పెంకుల గోడ మీద
దానిమ్మ ఎరుపు ఒకటి పాకి, వెనక్కి తగ్గేది.
పనికుర్రాడు లోడె చెవులు
వెలుతురు దూరి గులాబీగా.
పిండిబస్తాల వెనక మూల
మూల...
వంకాయ రంగు.
అడుగు మాడిన రొట్టె కూడా
గోధుమరంగే, బాగా కోపమొచ్చిన గోధుమరంగు.

ఆమెకేం చెప్పలేదు.
వంకాయ రంగు కలిపి గుర్రం కింద పెట్టాను.
గుర్రానికి బరువొచ్చింది.

బొమ్మ ఇంకా ఆరలేదు.
రోజూ అంచున వేలుపెట్టి చూస్తాను,
లోపల ఉడికిందో లేదో అన్నట్టు.
"ఇందులో మనిషెక్కడ?" అంది మా ఇర్మా.
"ఆ పసుపు."
ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి "రంగే," అంది.
వెనక్కి నడిచింది, ఇంకా వెనక్కి,
వంటగది గుమ్మందాకా వెళ్లి
చేతిలో గరిటెతో నిలబడి
"ఊఁ... తడిసిపోయాడు పాపం," అంది.

నల్లగొట్టం మాత్రం వచ్చే మంగళవారం అడగాలి.
నాలుగు యూరోలు పెట్టి కొన్నాను.